కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు పాత కేబుళ్లు పెట్టకండి

మొన్న హన్మకొండలో ఒక ఫొటో స్టూడియో వాళ్ల సిస్టమ్ చూశాను. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌లోని భాగాలకు కరెంటు అందించే డబ్బా) పోతే కొత్తది తెచ్చి వాళ్లే మార్చుకున్నారు. క్యాబినెట్ వెనక పొందిగ్గా కట్టిన కేబుళ్లు మళ్లీ విప్పడమెందుకని, పాత ఎస్‌ఎంపీఎస్ నుంచి ఆ కొనలు పీకి కొత్తదానికి గుచ్చారు. చక్కగా పట్టాయి. స్విచ్ వేయగానే మాడిన వాసన. ఒక ఎస్‌ఎస్‌డీ, రెండు హార్డ్ డిస్కులు ఒక్కసారే పోయాయి. మాఘమాసం పెళ్లిళ్ల వీడియోలన్నీ వాటిలోనే ఉన్నాయి, ఎడిటింగ్ కూడా కాలేదు.

మే ఎండలు, ఆ వెనకే ఈదురుగాలుల వానలు, వచ్చిపోయే కరెంటు. మన ఓరుగల్లు వైపు ఎస్‌ఎంపీఎస్‌లు మార్చాల్సి వచ్చే రోజులివే. దుమ్ము దులపడం, యూపీఎస్ పెట్టుకోవడం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

కేబుళ్లు

మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌కు కేబుళ్లు రెండు వైపులా ఊడివస్తాయి. మదర్‌బోర్డు వైపు, డిస్కు వైపు కనెక్టర్లకు ఒక ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు మాత్రం ఏ ప్రమాణమూ లేదు. ఏ పిన్నులో 12 వోల్టులు, దేంట్లో 5, ఏది గ్రౌండ్ అన్నది తయారుచేసేవాళ్ల ఇష్టం. ఒకే కంపెనీలో మోడల్ మారినా మారిపోవచ్చు. ఆకారం ఒకటే కాబట్టి కనెక్టర్ టక్కున కూర్చుంటుంది, మనకు అనుమానమే రాదు. 5 వోల్టులు అందాల్సిన చోట 12 వెళితే డిస్కు క్షణంలో పోతుంది. ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ కూడా కాపాడదు, ఎందుకంటే దాని లెక్కలో 12 వోల్టులు సరిగ్గానే వెళ్తున్నాయి.

అందుకే ఎస్‌ఎంపీఎస్ మారిస్తే కేబుళ్లన్నీ మార్చాలి. ఒక్కటి కూడా మిగల్చకూడదు.

బోర్డు

ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ బ్రాండెడ్ సిస్టమ్‌లలో చాలావాటికి మామూలు 24 పిన్ల కనెక్టర్ ఉండదు. 6 పిన్లో 8 పిన్లో ఉంటాయి. షాపుకు వెళ్లేముందు సైడ్ ప్యానెల్ తీసి బోర్డు మీది కనెక్టర్‌ను ఫొటో తీసుకెళ్లండి.

ప్రాసెసర్ కేబుల్‌కూ గ్రాఫిక్స్ కార్డు కేబుల్‌కూ 8 పిన్లే. మొదటిది సాధారణంగా 4, 4గా విడుతుంది, రెండోది 6, 2గా. వీటిలో 12 వోల్టుల వరుస, గ్రౌండ్ వరుస తారుమారుగా ఉంటాయి. గట్టిగా నొక్కితే తప్ప ఎక్కడం లేదంటే అది తప్పు కేబుల్.

ఆన్ కాకపోతే

ఫ్యాన్లు తిరిగి డిస్‌ప్లే రాకపోతే ముందు ప్రాసెసర్ కేబుల్ పెట్టారో లేదో చూడండి. చాలామంది మర్చిపోయేది అదే. 24 పిన్ల కనెక్టర్‌లోని ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో కలిపి ఫ్యాన్ తిరిగిందని ఎస్‌ఎంపీఎస్ బాగుందనుకోకండి. సిస్టమ్ ఆన్‌లో ఉండగా మల్టీమీటర్‌తో చూస్తే పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. చాలా కొత్త కేబుళ్లలో వైర్లన్నీ నలుపే. అప్పుడు పిన్ నంబరు చూసే కొలవాలి.

ఇక మిగతావి

- పాత ఎస్‌ఎంపీఎస్‌తోపాటు దాని కేబుళ్లూ పారేయండి. డబ్బాలో దాచకండి, దోస్తుకు ఇవ్వకండి.
- కేబుళ్లు లేకుండా తక్కువ ధరకు వచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ కొనొద్దు.
- వారంటీకి కొన్నిచోట్ల ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే తీసుకుని, కేబుళ్లు మీ దగ్గరే ఉంచుకోమంటారు. తిరిగొచ్చింది వేరే మోడలైతే ఆ కేబుళ్లు మీకు పనికిరావు. కొత్త సెట్ అడగండి, ఇచ్చేదాకా ఆన్ చేయకండి.
- ఎస్‌ఎంపీఎస్ డబ్బాను విప్పకండి. ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.
- ఉరుములు మొదలైతే ప్లగ్ పీకండి. ఇంటర్నెట్ కేబుల్ కూడా.
- కేబుల్ సరిపోయింది కదా అని స్విచ్ వేయకండి. సరిపోవడం వేరు, సరైనది కావడం వేరు.
- మాడు వాసన వచ్చిందా, మళ్లీ ఆన్ చేసి చూడకండి. హార్డ్ డిస్కులో పోయింది పైనున్న సర్క్యూటే అయితే లోపల డేటా ఇంకా ఉండొచ్చు. దానికి మళ్లీ కరెంటు ఇవ్వకుండా నేరుగా డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి.