సెలవు పెట్టిన రోజున బిడ్డతో జూ పార్కుకు

పనిదినాన సెలవు పెట్టి నాలుగైదేళ్ల బిడ్డను హైదరాబాదులోని నెహ్రూ జూలాజికల్ పార్కుకు తీసుకువెళ్లదలచిన తల్లిదండ్రులు ముందుగా సోమవారాన్ని మినహాయించుకోవాలి. ఆ రోజు పార్కుకు సెలవు. మీర్ ఆలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాలలో విస్తరించి, 1963లో ప్రజలకు తెరిచిన ఈ పార్కును పసివాళ్లు ఒక్క పూటలో నడిచి చుట్టిరాలేరు కనుక, ఏ రెండు మూడు జంతువులను తప్పక చూడాలో ముందురోజు రాత్రే బిడ్డను అడిగి నిర్ణయించుకోవడం మంచిది. ఎండ ముదిరాక పులులు, సింహాలు నీడపట్టున నిద్రపోతాయి. అందుచేత గేటు తెరిచే వేళకే చేరుకుని వాటిని మొదట చూపించాలి. దూరాలకు బ్యాటరీ వాహనం ఎక్కవచ్చు. మంచినీళ్లు స్టీలు సీసాలో తీసుకువెళ్లండి.

అన్నిటికంటే ముఖ్యమైనది తొందరపెట్టకపోవడం. బిడ్డ ఏనుగును వదిలేసి దారిలోని చీమల బారు దగ్గర కూర్చుండిపోతే, టికెట్టు డబ్బుల మాట ఎత్తకుండా మీరూ పక్కన కూర్చుని, అవి ఏమి మోసుకుపోతున్నాయో అడగండి. ఆ కబుర్ల కోసమే గదా ఈ సెలవు. ఆఫీసు ఫోన్లు ఆ పూటకు ఎత్తవద్దు. మధ్యాహ్నం రెండు గంటలకల్లా, అలసట ఏడుపుగా మారకముందే, తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి.