వైజాగ్‌లో పేషెంట్‌ని సర్కారీ ఆస్పత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లాలా ప్రైవేటుకా, ముందే ఎలా తేల్చుకోవాలి

మా మావయ్యకి గుండెనొప్పి వచ్చిన రాత్రి మేం చేసిన తప్పు ముందు చెప్తా, మిగతాదంతా దాన్నుంచి నేర్చుకున్నదే. కంగారులో దగ్గర్లో ఉన్న ఓ ప్రైవేట్ ఆస్పత్రికి తీసుకెళ్లాం, అడ్వాన్స్ కట్టమంటే తలా కాస్త వేసి కట్టేశాం, ఆరోగ్యశ్రీ కార్డు అత్త బీరువాలోనే ఉంది, ఒక్కళ్లకీ గుర్తు రాలేదు. మర్నాడు కార్డు పట్టుకెళ్తే "క్యాష్‌లో జాయినయ్యారు కదండీ, ఇప్పుడు మార్చడం కుదర్దు" అన్నారు. అత్త గాజులు తాకట్టుకెళ్లాయి.

అందుకే ఈరోజే ఇంట్లో అందరి కార్డులు, ఆధార్‌లు ఫోటో తీసి కనీసం ఇద్దరి ఫోన్లలో పెట్టండి. ఇప్పుడు ఆరోగ్యశ్రీ పేరు ఎన్టీఆర్ వైద్యసేవ, 2007లో మొదలైనప్పటి పేరే ఇంకా జనం నోట్లో ఉంది. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే క్యాష్ కౌంటర్‌కి కాదు, కార్డు కేసులు చూసే ఆరోగ్యమిత్ర డెస్క్‌కి వెళ్లండి, అక్కడ ఎవరూ లేకపోతే అడ్మిషన్ వాళ్లకి "ఇది కార్డు కేసు" అని చెప్పి రాయించండి. నెట్‌వర్క్ ఆస్పత్రి, అంటే ఈ కార్డు చెల్లే ఆస్పత్రి, అయినంత మాత్రాన అన్ని జబ్బులకీ అని కాదు, గుండెకి ఉన్నచోట కిడ్నీకి ఉండకపోవచ్చు, అది అడిగి తెలుసుకోండి. ప్యాకేజీలో టెస్టులు, మందులు, భోజనం, ఇంటికెళ్లే చార్జీలు కూడా ఉంటాయి, విడిగా డబ్బులడిగితే అక్కడ్నుంచే 104కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని 2025లో నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపిన రోజులు కూడా చూశాం కాబట్టి, అర్జెంట్ కాని ఆపరేషన్ అయితే బయల్దేరేముందే కనుక్కోండి.

నిజంగా ప్రాణం మీదకొచ్చినప్పుడు మాత్రం ఈ లెక్కలేం వద్దు. 108కి ఫోన్ చేయండి, ఏది దగ్గరైతే అక్కడికే. అడ్వాన్స్ కడితేగానీ ముట్టుకోం అనడానికి ఎవరికీ హక్కు లేదు, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి సర్కారీ డాక్టరైనా ప్రైవేట్ డాక్టరైనా వైద్యం చేసి తీరాలని 1989లోనే సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో చెప్పింది. గొంతు తగ్గించకుండా ఆ మాట చెప్పండి.

ఇక కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆస్పత్రి. రద్దీ ఉంటుంది, దాయను, శ్రీకాకుళం, విజయనగరం, మన్యం, ఒడిశా నుంచి కూడా జనం అక్కడికే వస్తారు మరి. కానీ 1923లో పెట్టిన ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధ ఆస్పత్రి అది, మామూలు క్లినిక్‌లో ఎప్పుడోగానీ తగలని కేసులు అక్కడి ప్రొఫెసర్లు రోజూ చూస్తారు. పాముకాటు, కాలిన గాయాలు, విషం తాగిన కేసులకి అది అందుబాటు దూరంలో ఉంటే నేనైతే రెండో ఆలోచన లేకుండా అక్కడికే తీసుకెళ్తా. టీబీ అనుమానమైతే ప్రైవేట్‌లో డబ్బు తగలేయకండి, పెదవాల్తేరు ఛాతీ ఆస్పత్రిలో మందులు ఉచితం, పోషణకి నెలకి 1000 రూపాయలు అకౌంట్‌లో కూడా వేస్తారు. పురుడుకి ఘోషాసుపత్రి ఉంది, క్యాన్సర్‌కి అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ బాబా ఆస్పత్రి ఉంది. హనుమంతవాకలో విమ్స్ అని ఇంకో సర్కారీ ఆస్పత్రి ఉంది, అది చాలామందికి గుర్తే రాదు.

కేజీహెచ్‌కి వెళ్తే తోడుగా ఇద్దరుండాలి, ఒకరు పేషెంట్ దగ్గర, ఒకరు లైన్లో. పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోండి. ఇంకోటి, అక్కడ యూనిట్‌లు, అంటే డాక్టర్ల జట్లు ఉంటాయి, ఒక్కో యూనిట్‌కి ఓపీ రోజు వేరు, మిమ్మల్ని చూసిన యూనిట్ ఏదో, వాళ్ల రోజేదో చీటీ మీద రాయించుకుని మళ్లీ అదే రోజు వెళ్లండి, లేకపోతే కథ మొదట్నుంచీ చెప్పుకోవాలి.

ప్రైవేట్‌లో సొంత ఇన్సూరెన్స్ మీద చేరితే రూమ్ దగ్గర జాగ్రత్త. పాలసీలో రూమ్‌కి రోజుకి 5000 అని లిమిట్ ఉండి మీరు 10000 రూమ్ తీసుకుంటే, చాలా పాలసీల్లో డాక్టర్ ఫీజు, ఆపరేషన్ చార్జీలు కూడా సగమే ఇస్తారు, పైన తేడా ఒక్కటే కడితే సరిపోతుందనుకుని మా పక్కింటాయన చాలా నష్టపోయాడు. గుండెకి స్టెంట్ వేస్తే బిల్లులో దాని కంపెనీ, ధర విడిగా అడగండి, 2017 నుంచి స్టెంట్ ధరకి ప్రభుత్వం పెట్టిన పరిమితి ఉంది.

డబ్బున్నోళ్లకి ప్రైవేటు, లేనోళ్లకి సర్కారీ, అంతేగా అని మా ఇంట్లో వాదన జరుగుతూనే ఉంటుంది. కెనడాలో అలా కాదు, 1984 చట్టం ఉంది, ప్రభుత్వ బీమా కిందకొచ్చే వైద్యానికి పేషెంట్ దగ్గర పైన వసూలు చేయనిస్తే ఆ రాష్ట్రానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కోత పడుతుంది, అక్కడి గొడవంతా వైద్యానికి ఎన్నాళ్లు ఆగాలన్న దాని మీదే. మన దగ్గర ఒకే బిల్డింగ్‌లో క్యాష్ పేషెంట్, కార్డు పేషెంట్ అని రెండు వరసలు. కార్డు డబ్బు ప్రైవేటుకి పోవడం తప్పని నేననను, దానివల్ల బతికినోళ్లు మా వీధిలోనే ఉన్నారు. కానీ మాట చెల్లుబాటయ్యేవాళ్లంతా సర్కారీ ఆస్పత్రి గడప తొక్కడం మానేస్తే అక్కడ మిషన్ పాడైందని ఎవరడుగుతారు? అందుకే మా అమ్మ షుగర్, బీపీ చెకప్‌లకి నేను కావాలనే కేజీహెచ్‌కే తీసుకెళ్తున్నా.

అక్కడ ఏదైనా ఇబ్బందైతే వార్డులో అరవకండి, పాపం సిస్టర్లేం చేస్తారు, తేదీ, వార్డు, ఓపీ నంబర్ వేసి సూపరింటెండెంట్ ఆఫీసులో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, కేజీహెచ్ నుంచి నడిచి వెళ్లే దూరమే, ఆ రసీదు జిరాక్స్ జతచేసి ఇవ్వండి.