కోల్ష్ బీరుకు మార్కులు వేయడం ఎలా

లాగరా (చల్లగా పులిసే బీరు), ఏలా (కాస్త వెచ్చగా పులిసే బీరు) అని అడిగితే ఒక్క మాటలో చెప్పలేని బీర్లు కొన్ని ఉన్నాయి, వాటిలో కోల్ష్ ఒకటి. జర్మనీలో కొలోన్ నగరం దీని పుట్టిల్లు. పులియబెట్టేదేమో ఏల్ ఈస్టుతో, సుమారు 15 నుంచి 18 డిగ్రీల దగ్గర. ఆ తర్వాత లాగర్‌ని ఉంచినట్టే సున్నాకి దగ్గర్లో వారాల తరబడి చల్లగా ఉంచుతారు. బీరు పోటీలకు నియమాలు రాసే అమెరికా సంస్థ బీజేసీపీ 2008 నాటి పుస్తకంలో దీన్ని లైట్ హైబ్రిడ్, అంటే రెండు పద్ధతులూ కలిసిన బీర్లు, అనే గుంపులో పెట్టింది, 2015లో ఆ గుంపునే తీసేసింది, అయినా హైబ్రిడ్ అనే మాట మాత్రం జనం నోట్లో ఉండిపోయింది.

రుచి చూడటం నేర్చుకోవాలనుకునేవాళ్లకి నేను ముందు ఇదే చెప్తాను. ఐపీఏ అనే చేదు బీరులో తప్పు జరిగితే హాప్స్ (చేదు, వాసన ఇచ్చే పూలు) వాసన కప్పేస్తుంది, స్టౌట్ అనే నల్ల బీరులో మాడ్చిన మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) కప్పేస్తుంది, కోల్ష్‌లో కప్పడానికి ఏమీ లేదు. అందుకే హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో వీట్ బీరుకి అలవాటు పడ్డవాళ్లు ఇలాంటిది మొదటిసారి తాగి "మామూలు లాగరే కదా, ఇందులో ఏముంది" అనేస్తారు. ఉన్నదంతా చిన్న చిన్న తేడాల్లోనే ఉంది, అది పట్టుకోవడమే పని.

ముందు చల్లదనం సంగతి. మన దగ్గర బీరు అంటే గడ్డకట్టేంత చల్లగా ఉండాలి, గ్లాసు కూడా ఫ్రీజర్‌లోంచి తీసినదై ఉండాలి, తాగడానికి బాగానే ఉంటుంది కానీ మార్కులు వేయడానికి అది పనికిరాదు, ఎందుకంటే అంత చలిలో వాసన పైకి రాదు, నాలుక కూడా మొద్దుబారుతుంది. 6, 7 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, గ్లాసులోనే 10 దాకా ఎక్కనివ్వండి. థర్మామీటర్ అక్కర్లేదు, ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెడితే చాలు. గ్లాసుకి సబ్బు అంటి ఉండకూడదు. పోసిన తర్వాత గోడలకి బుడగలు గుంపులుగా అతుక్కుని ఉన్నాయంటే గ్లాసు సరిగ్గా కడగలేదని అర్థం. మిర్చి బజ్జీ, చికెన్ 65, కాఫీ, సెంటు ఇవన్నీ తర్వాత. పక్కన మామూలు నీళ్లు, ఉత్త బ్రెడ్ ముక్క ఉంటే సరిపోతుంది. శాంపిల్‌కి 100 మిల్లీలీటర్లు మించి అవసరం లేదు, వరసగా నాలుగైదు దాటితే ఆ తర్వాత వేసే మార్కులకి విలువ ఉండదు, బండి తాళాలు కూడా ఇంకొకరి దగ్గర ఉండాలి.

బీజేసీపీ పద్ధతిలో మొత్తం 50 మార్కులు. వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. రంగు చూసి మురిసిపోయేవాళ్లు ఆ 3 అనే అంకె గుర్తుంచుకుంటే మంచిది.

పోయగానే ముందు వాసన చూడండి, ఫొటో తర్వాత. కొన్ని వాసనలు, ముఖ్యంగా గంధకం లాంటిది, ఒకటి రెండు నిమిషాల్లోనే ఎగిరిపోతాయి. గ్లాసు మీద అరచెయ్యి మూసి, మెల్లగా తిప్పి, చెయ్యి తీసి చిన్నగా రెండు మూడు సార్లు పీల్చండి. గట్టిగా ఒక్కసారి పీలిస్తే ముక్కు అలవాటు పడిపోతుంది. కోల్ష్‌లో మీకు దొరకాల్సినవి: మాల్ట్ తాలూకు సన్నని గింజల వాసన, కొంచెం పూల వాసనో ఆకు వాసనో ఇచ్చే జర్మన్ హాప్స్, వాటి వెనకాల ఎక్కడో ఆపిల్, పియర్ లాంటి పండు జాడ. ఆ పండు జాడ ఏల్ ఈస్టు ఇచ్చింది, దాన్ని అంత సన్నగా ఉంచింది చలి. పండు వాసన గుప్పుమంటే తప్పు, అసలు లేకపోతే మాత్రం పెద్ద తప్పు కాదు, కొలోన్‌లోనే ఒక్కో బ్రూవరీది ఒక్కోలా ఉంటుంది. గంధకం కొద్దిగా తగిలినా మార్కులు కోయకండి.

చాలామంది పొరబడేది ఇక్కడే. పండిన ఆపిల్ వాసన మంచిది, పచ్చి ఆపిల్ కోసినప్పుడు వచ్చే ఘాటు వాసన మంచిది కాదు. అది పులియడంలో పుట్టే అసిటాల్డిహైడ్ అనే పదార్థం, ఎక్కువసార్లు బీరుని తొందరపడి ఈస్టు మీంచి తీసేశారని చెప్తుంది. రెండిటికీ తేడా తెలియాలంటే ఒక పచ్చి గ్రీన్ ఆపిల్, ఒక బాగా పండిన ఎర్ర ఆపిల్ కోసి పక్కపక్కన వాసన చూడండి, పది నిమిషాల పని. వెన్న వాసనో, థియేటర్ పాప్‌కార్న్ వాసనో వచ్చి నాలుక మీద జారుడుగా అనిపిస్తే అది డయాసిటైల్ అనే ఇంకో పదార్థం, కోల్ష్‌లో దానికి చోటు లేదు. ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తు వాసన వస్తే డీఎంఎస్ అనే పదార్థం, లేత రంగు మాల్ట్ రసాన్ని సరిగ్గా మరిగించనప్పుడు మిగిలిపోతుంది. అరటిపండు, లవంగం రెండూ గట్టిగా కలిసి వస్తే అది వీట్ బీరు లక్షణం, ఎంత బాగున్నా ఇక్కడ మార్కులు పోతాయి. దిగుమతి సీసా అయితే తడిసిన అట్టపెట్టె వాసన కోసం ప్రత్యేకంగా చూడండి, నెలల తరబడి వేడిలో ఊరేగి వచ్చిన బీరుకి గాలి చేసే నష్టం అది.

చూపు తొందరగా ముగించండి. లేత బంగారు రంగు, అద్దంలా తేటగా, తెల్లటి నురగ. నురగ త్వరగా పోయినా కోల్ష్‌కి తప్పు లేదు. అక్కడ 200 మిల్లీలీటర్ల సన్నని గ్లాసులో, స్టాంగె అంటారు, పోసి ఇవ్వడానికి ఇదీ ఒక కారణం: వేడెక్కి చప్పబడేలోపే అయిపోతుంది. కోబెస్ అని పిలిచే వెయిటర్ ఖాళీ గ్లాసు తీసి నిండుది పెడుతూ, అట్ట మీద గీతలు గీస్తూ పోతాడు, మీరు ఆ అట్టని గ్లాసు మీద మూతగా పెట్టేదాకా ఆగడు. మన 650 సీసా ముందు పెట్టుకుని చివరి గుక్క చప్పగా ఉందని మార్కులు కోయడం అన్యాయం. మసకగా ఉంటే మాత్రం ఒక మార్కు తీసేయొచ్చు. వడకట్టనిదాన్ని కొలోన్‌లో వీస్ అని వేరే పేరుతో పిలుస్తారు. 1986లో అక్కడి బ్రూవరీలు కలిసి సంతకాలు పెట్టిన ఒప్పందంలో తేటగా ఉండాలన్నది ఒక షరతు. 1997 నుంచి ఆ పేరుకి యూరోపియన్ యూనియన్ రక్షణ కూడా ఉంది, కాబట్టి వేరే చోట తయారైనది కోల్ష్ స్టైల్ మాత్రమే, కానీ పేరుని బట్టి మార్కులు తగ్గించే పని మనది కాదు.

రుచికి వద్దాం. మొదటి గుక్క నోరు కడగడానికి, దానికి లెక్క లేదు. రెండో గుక్క నోరంతా తిప్పి, మింగి, నోరు మూసి ముక్కుతో గాలి వదలండి, సగం రుచి అప్పుడే తెలుస్తుంది. వైన్‌లాగా ఉమ్మేస్తే మింగిన తర్వాత మిగిలే చేదు సరిగ్గా అందదు. మొదట మెత్తని మాల్ట్, కొంచెం తీపి ఉందా అనిపించేంత, మధ్యలో పండు, చివర పొడిగా, తేలికపాటి చేదుతో ముగియాలి. చేదు 18 నుంచి 30 ఐబీయూ (చేదుని కొలిచే అంకె), ఆల్కహాల్ 4.4 నుంచి 5.2 శాతం, అంటే ఏదీ ముందుకు తోసుకురాకూడదు. తీపి నాలుక మీద అలాగే ఉండిపోతే పులియడం పూర్తి కాలేదేమో అనుకోండి. గ్యాస్ చురుగ్గా ఉండాలి, బీరు ఒళ్లు, అంటే నోట్లో తగిలే బరువు, మాత్రం నీళ్లలా కాకుండా, చిక్కగానూ కాకుండా.

మాటలు ముందు రాసి మార్కులు తర్వాత వేయండి, తిరగేస్తే వేసిన మార్కుకి సరిపోయే మాటలు వెతుక్కుంటాం. భయపడి అందరికీ 30 వేయకండి. 21 నుంచి 29 దాకా తాగొచ్చు కానీ లోపం ఉంది, 30 దాటితే చాలా బాగుంది, 38 దాటితే అద్భుతం. మీకు నచ్చిందా లేదా అన్నది చివరి 10 మార్కుల్లోనే, అక్కడ కూడా జాగ్రత్తగా.

ఇదే మార్కుల కాగితంతో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నగరపు ఆల్ట్‌బియర్‌ని కూడా చూడొచ్చు, కానీ కొలత మార్చాలి: అది రాగి రంగు, చేదు 50 ఐబీయూ దాకా పోతుంది. కాలిఫోర్నియా కామన్ అనే అమెరికా బీరు అయితే తిరకాసు ఇంకో వైపు, లాగర్ ఈస్టుని కాస్త వెచ్చగా పులియబెడతారు, అందులో నార్తర్న్ బ్రూవర్ హాప్స్ చెక్క వాసన, పుదీనా వాసన ఉండాల్సిందే. కోల్ష్‌లో తప్పయ్యే చేదు ఈ రెండిటిలో గుణం.

మీ నాలుకని నమ్మొచ్చో లేదో తెలుసుకోవాలంటే ఎవరినైనా మూడు గ్లాసులు పోయమనండి, రెండిట్లో కోల్ష్, ఒకదాంట్లో మామూలు లాగర్, లేదా అటుది ఇటుగా, మీకు కనపడకుండా. వేరుగా ఉన్నది ఏదో చెప్పండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది, కాబట్టి ఒక్కసారితో ఆపకండి, వేరే వేరే రోజుల్లో చేయండి.