సీసం లేని పెట్రోలుతో పాత అంబాసిడర్ ఇంజనును కాపాడుకోవడం ఎలా?

1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ అమర్చిన కొత్త కార్ల కోసం మొదలైన సీసం లేని పెట్రోలు, 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా వచ్చేసింది. పిల్లల మెదడుకు హాని చేసే సీసం పోవలసిందే. అయితే ఆ సీసమే పాత ఇంజన్లలో పెట్రోలు అదుపు తప్పి మండి చప్పుడు చేసే నాకింగ్‌ను ఆపేది. కాలిన వాయువులను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వుకూ, అది మూసుకున్నప్పుడు ఆనే అంచు అయిన సీటుకూ మధ్య పలుచని పూతలా నిలిచి, బాగా కాలిన ఆ రెండు లోహాలు అతుక్కోకుండా కూడా చూసేది. ఆ పూత లేకపోతే సీటు కొంచెం కొంచెంగా ఊడుతూ అరిగి, వాల్వు ఇంజను పైభాగమైన హెడ్డులోకి దిగబడుతుంది.

ఈ బెడద అన్ని పాత బండ్లకూ లేదు. టూ స్ట్రోక్ స్కూటర్లకు, రాజ్‌దూత్, యెజ్డీ మోటారు సైకిళ్లకు ఇలాంటి వాల్వులే ఉండవు. అల్యూమినియం హెడ్డు ఉన్న ఇంజన్లలో సీట్లు విడి రింగులుగా బిగించి ఉంటాయి కనుక వాటికి ముప్పు తక్కువ. పోత ఇనుప హెడ్డులోనే సీటు చెక్కిన 1489 సీసీ అంబాసిడర్ పెట్రోల్ ఇంజను వంటి వాటినే కనిపెట్టి ఉండాలి.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంజను చల్లారాక వాల్వ్ కవర్ విప్పి, సన్నని రేకులతో సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో ట్యాపెట్ గ్యాపు, అంటే వాల్వు కొనకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు, చూడాలి. ఎనిమిది వాల్వుల ఈ ఇంజనులో రెండు వాల్వుల అంకెలు కలిపితే తొమ్మిది వచ్చే లెక్క పనికొస్తుంది: ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది సరిచూడాలి. మాన్యువల్‌లో ఉన్న కొలతకు సరిచేసి, తేదీ, కిలోమీటర్లు పుస్తకంలో రాసుకోవాలి. మామూలు అరుగుదలతో గ్యాపు పెరిగి ట్యాపెట్లు టకటక కొట్టుకుంటాయి. సీటు అరిగితే గ్యాపు తగ్గిపోతుంది. చప్పుడు లేదని సంతోషించడం ఇక్కడే మోసం, ఎందుకంటే గ్యాపు పూర్తిగా పోయాక వాల్వు సరిగా మూసుకోక, మంట లీకై కాలిపోతుంది. రాకర్ కొనలో గుంట పడి ఉంటే గేజ్ కూడా తప్పు కొలత చూపిస్తుంది.

ఎగ్జాస్ట్ వాల్వుల గ్యాపు పదేపదే తగ్గుతూ ఉంటే హెడ్డు దించి, గట్టి లోహపు సీటు రింగులు వేయించడమే శాశ్వతమైన మార్గం. మెకానిక్ పాత ఇనుప సీటునే మళ్లీ కట్ చేద్దామంటే ఒప్పుకోకండి. మిగిలి ఉన్న సీసపు పొర ఆ కోతతో పోయి, కొత్త ఇనుము నేరుగా మంటకు చిక్కుతుంది. ఊళ్లో మెల్లగా తిరిగే బండికి తొందర లేదు గానీ, హైవే మీద గంటల తరబడి వేగంగా వెళ్లే బండికీ, నిండా జనంతో ఘాట్లు ఎక్కే బండికీ ఈ ఖర్చు వాయిదా వేయకూడదు.

నాకింగ్ వినిపిస్తే, స్పార్క్ పడే సమయమైన ఇగ్నిషన్ టైమింగ్‌ను కొద్దిగా వెనక్కి తగ్గించవచ్చు. మరీ తగ్గిస్తే మాత్రం ఎగ్జాస్ట్ ఇంకా వేడెక్కి ఆ సీట్లకే చేటు. పనిలో పనిగా పెట్రోల్ పైపులు, పంపులోని రబ్బరు పొర (డయాఫ్రం) కూడా ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయించండి. ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది.