చలికాలంలో పెరటి కోళ్ళు: కనిపించే లక్షణం, దాని వెనక కారణం, చేయాల్సిన పని

చలి ముదిరిందంటే చాలామంది చేసే మొదటి పని, గూటికున్న కంతలన్నీ మూసెయ్యడం. కోళ్ళు పెంచిన మొదటి చలికాలం నేనూ అదే చేశాను. పైనున్న గాలిసందుల దగ్గర్నుంచి తలుపు సందు దాకా గోనెపట్టాలు కుక్కాను. నాలుగో రోజు పొద్దున తలుపు తీస్తే కళ్ళు మండాయి. రేకు లోపలివైపు నీటిచుక్కలు వరసగా వేలాడుతున్నాయి, చెయ్యి తగిలితే జలజలా రాలాయి. పుంజు తల మీది ఎర్రటి తురాయి కొనలు బూడిద రంగుకి తిరిగి ఉన్నాయి. వారం తిరిగేసరికి అవి నల్లబడ్డాయి. వెచ్చగా ఉండాలని నేను చేసిన పనే దానికి ఆ దెబ్బ తెచ్చింది.

కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. ఈకలు ఉబ్బించుకుని, వాటి మధ్య గాలిని పట్టి ఉంచి ఆ వేడిని కాపాడుకుంటుంది. పొడిగా ఉండి, ఈదురుగాలి నేరుగా తగలకపోతే ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోడి గడ్డకట్టే చలిని కూడా ఓర్చుకుంటుంది. ఈకలు తడిస్తే మాత్రం ఆ రక్షణ పోతుంది. అందుకే చలికాలంలో ఏ తేడా కనిపించినా నేను ముందు చూసేది చెమ్మనే.

గూట్లో ఘాటు వాసన, గోడలకి తడి

తాజా రెట్టలో దాదాపు ముప్పాతిక వంతు నీళ్ళే. దానికి రాత్రంతా కోళ్ళు వదిలే ఊపిరి తోడవుతుంది. బయటికి దారి లేని ఆ చెమ్మ రేకుకి, గోడలకి పట్టి మళ్ళీ కోళ్ళ మీదే పడుతుంది. తడిసిన రెట్ట కుళ్ళి అమ్మోనియా వస్తుంది. మనం నిలబడి వాసన చూస్తే సరిపోదు, మోకాళ్ళ మీద కూర్చుని కోడి తల ఎత్తులో చూడాలి. అక్కడ ముక్కు చురుక్కుమంటే కోళ్ళ ఊపిరి గొట్టాలు అప్పటికే దెబ్బతింటున్నట్టు లెక్క.

గాలిసందులు కోళ్ళు పడుకునే కర్ర కంటే పైన, కప్పుకి దగ్గరగా, వీలైతే రెండు వైపులా తెరిచి ఉంచండి. రాత్రిపూట కూడా మూయకండి. మూయాల్సింది కింద, కోడి ఒంటికి గాలి కొట్టే సందులు. వెచ్చటి చెమ్మగాలి పైకి లేచి బయటికి పోతుంది, పడుకున్న కోడికి గాలి తగలదు.

కింద పరిచే ఊక లేదా రంపపు పొట్టు 10 నుంచి 15 సెంటీమీటర్ల మందం ఉండాలి. పిడికెడు తీసి గట్టిగా నొక్కి వదలండి. ముద్దలా నిలబడిపోతే తడి ఎక్కువైంది. తడి భాగం తీసేసి పొడి ఊక వెయ్యండి, రెండు మూడు రోజులకోసారి తిరగేస్తూ ఉండండి. నీళ్ళ గిన్నె రాత్రి గూట్లో ఉంచకండి. చీకట్లో కోళ్ళు ఎలాగూ తాగవు, ఒలికి ఊక తడవడం తప్ప ఉపయోగం లేదు.

తురాయి, తమ్మెలు తెల్లబడటం, తర్వాత నల్లబడటం

ఇది చలికి చర్మం గడ్డకట్టి వచ్చే దెబ్బ. గడ్డకట్టే చలి ఉన్నచోట, పెద్ద తురాయి ఉన్న పుంజులకి ఎక్కువగా వస్తుంది. చెమ్మ ఉంటే తొందరగా వస్తుంది. వెడల్పాటి గిన్నెలో తాగేటప్పుడు తమ్మెలు (ముక్కు కింద వేలాడే ఎర్రటి తోలు) తడవడం కూడా ఒక కారణం. మూతి మాత్రమే పట్టే గిన్నె పెట్టండి.

తెల్లబడిన చోటుని రుద్దకండి, మంట దగ్గర కాచకండి. కోడిని చలి లేని గదిలోకి తెచ్చి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డని మెల్లగా ఆనించి, తర్వాత పొడిగా తుడవండి. నల్లబడిన ముక్కని కొయ్యకండి, కింద కొత్త చర్మం వచ్చాక దానంతట అదే రాలుతుంది. వాపు, చీము కనిపిస్తే పశువైద్యుడికి చూపించాలి.

కాళ్ళ వేళ్ళకి వస్తే తప్పు చాలాసార్లు పడుకునే కర్రదే. సన్నటి గుండ్రటి కర్ర మీద వేళ్ళు బయటికి ఉండిపోతాయి. నాలుగు వేళ్ళ వెడల్పున్న చదును చెక్క వేస్తే కోడి పాదాల మీద కూర్చుని రొమ్ము ఈకలతో వాటిని కప్పుకుంటుంది.

గుడ్లు ఆగిపోయాయి

దీనికే అందరూ ఎక్కువ టెన్షన్ పడతారు, మందుల కోసం పరుగెడతారు. చాలావరకు ఇది జబ్బు కాదు. గూట్లో ఈకలు రాలి ఉండి, మెడ మీద కొత్త ఈకల మొలకలు ముళ్ళలా పొడుచుకొస్తుంటే కోడి ఈకలు మారుస్తోంది. ఈకలో 80 శాతానికి పైగా ప్రొటీనే కాబట్టి తిన్నదంతా అటే పోతుంది. రెండు మూడు నెలలు పట్టొచ్చు. ఆ రోజుల్లో 18 నుంచి 20 శాతం ప్రొటీన్ ఉన్న మేత ఇవ్వండి, అనవసరంగా పట్టుకుని కదిలించకండి. కొత్త ఈక మొలకలో రక్తం ఉంటుంది, నొక్కుకుంటే నొప్పి.

ఈకలు బాగానే ఉండి గుడ్లు తగ్గితే వెలుతురు చూడండి. పెట్ట బాగా పెట్టాలంటే రోజుకి 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. చిన్న ఎల్‌ఈడీ బల్బు చాలు. దాన్ని సాయంత్రం కాకుండా తెల్లవారుజామున వెలిగించండి. రాత్రి దీపం ఒక్కసారిగా ఆరితే కోళ్ళు కర్ర ఎక్కలేక నేల మీదే ఉండిపోతాయి. వారానికి అరగంట చొప్పున పెంచండి, 16 గంటలు దాటించకండి. నా మటుకు నేను వయసైన పెట్టలకి బల్బు పెట్టను, చలికాలం వాటికి విశ్రాంతి అనుకుంటాను.

నీళ్ళ సంగతి మర్చిపోతారు. గుడ్డులో మూడింట రెండొంతులు నీళ్ళే. పెట్ట రోజుకి పావు లీటరు దాకా తాగుతుంది. చల్లగా ఉన్నాయనో, గడ్డకట్టాయనో తాగకపోతే మేత తగ్గుతుంది, వెంటనే గుడ్లు తగ్గుతాయి. పొద్దున, మధ్యాహ్నం గోరువెచ్చటి నీళ్ళు మార్చండి.

చలికి మేత కూడా ఎక్కువ కావాలి. మామూలుగా పెట్టకి 110 నుంచి 120 గ్రాములు సరిపోతే, బాగా చలిగా ఉన్నప్పుడు అంతకంటే ఎక్కువ తింటుంది. పొద్దుగూకే ముందు కొంచెం మొక్కజొన్న వెయ్యండి, రాత్రంతా మెల్లగా అరుగుతూ వేడినిస్తుంది. మొత్తం మేతలో పదో వంతు దాటితే మాత్రం ప్రొటీన్ తగ్గిపోతుంది.

తుమ్ములు, కళ్ళలో నురగ, గొంతులో గురగుర

వాసన, దుమ్ము వల్ల అయితే గాలి బాగుచేసిన కొద్ది రోజుల్లో తగ్గుతుంది. తగ్గలేదంటే జబ్బు. ముఖం వాచి, ముక్కులోంచి కంపు కొట్టే ద్రవం కారితే కొరైజా (అంటు జలుబు) అని అనుమానించాలి. వారాల తరబడి గురగుర సాగితే సీఆర్‌డీ (దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి) కావచ్చు. తుమ్ములతో పాటు ముడతలు పడ్డ గుడ్లు వస్తే బ్రాంకైటిస్ (ఊపిరి గొట్టాల వాపు) కావచ్చు. మొదటి రెండూ బ్యాక్టీరియా వల్ల, మూడోది వైరస్ వల్ల వస్తాయి. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు కాబట్టి మిగిలిపోయిన మందు నీళ్ళలో కలిపేయడం మానండి. ఆ కోడిని వేరుచేసి, మిగతావాటి పని ముగిశాకే దాని దగ్గరికి వెళ్ళండి, డాక్టర్‌కి చూపించండి.

మెడ వంకర తిరగడం, ఆకుపచ్చ రెట్ట ఉంటే కొక్కెర తెగులు కావచ్చు. దానికి టీకా ఉంది, కానీ జబ్బు రాకముందే వేయించాలి. ఒకేసారి చాలా కోళ్ళు చనిపోతే కోసి చూడకండి, వండకండి, అమ్మకండి. వెంటనే పశువైద్య అధికారులకి చెప్పండి. అది బర్డ్ ఫ్లూ అయితే మనుషులకి కూడా రావచ్చు.

తింటోంది కానీ తేలికైపోతోంది

ఉబ్బిన ఈకలు చూసి కోడి బొద్దుగా ఉందనుకుంటాం. రాత్రి కర్ర మీద ఉన్నప్పుడు చెయ్యి కింద పెట్టి రొమ్ము ఎముక తడమండి. కత్తి అంచులా తగిలితే చిక్కిపోయినట్టే. తర్వాత టార్చి వేసి వెంటు (రెట్ట వేసే చోటు) చుట్టూ ఈకలు విడదీయండి. ఈక మొదట్లో తెల్లటి గడ్డల్లా అంటుకుని ఉంటే పేల గుడ్లు. మసి పూసినట్టు నల్లగా ఉండి మీ చేతి మీద చీమతలంత పురుగులు పాకితే రక్తం తాగే మైట్లు, ఇవి చలికాలంలోనే ఎక్కువవుతాయి. కోళ్ళకి వాడదగ్గ మందు డాక్టర్‌ని అడిగి మంద మొత్తానికీ వెయ్యండి, పొలం మందు వద్దు. గుడ్లలోంచి కొత్తవి వస్తాయి కాబట్టి, మందు మీద చెప్పిన గడువుకి రెండోసారి తప్పకుండా వెయ్యాలి. గూట్లో ఒక మూల పొడి మట్టి, బూడిద పోసి పెడితే కోళ్ళు పొర్లాడి కొంత దులుపుకుంటాయి. పేలు లేకుండానే చిక్కిపోతుంటే నులిపురుగుల కోసం రెట్ట పరీక్ష చేయించండి.

పిల్లలు కుప్పపడి అరుస్తున్నాయి

ఇప్పటిదాకా చెప్పిన ఓర్పు పెద్ద కోళ్ళది. ఈకలు రాని పిల్లలకి మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి గట్టిగా అరుస్తుంటే చలి. అన్నీ బల్బుకి దూరంగా పోయి నోరు తెరుస్తుంటే వేడి ఎక్కువ. ఒకే మూలకి చేరితే మరో వైపు నుంచి గాలి కొడుతోంది. బల్బుని వైరుతో కాకుండా గొలుసుతో, రెండుచోట్ల కట్టండి. ఊకలో పడితే గూడంతా అంటుకుంటుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టొద్దు, దాని విషవాయువుకి వాసన ఉండదు, పిల్లలతో పాటు మనిషికీ ప్రమాదం. రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి లేచి చూడండి. పిల్లలు బల్బు చుట్టూ పలచగా పరుచుకుని, సన్నగా కిచకిచమంటూ నిద్రపోతుంటే దాని ఎత్తు కదపకండి.