ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంట్లో తెలుగు చదవడం అలవాటు చేయడం ఎలా?

ఒకటో తరగతి సగం గడిచేసరికి చాలామంది పిల్లలు పాఠాన్ని గడగడా అప్పజెబుతారు. సంతోషమే గాని, ఒకసారి పుస్తకం మూసి, ఆ పాఠంలోని పదాన్నే విడిగా కాగితంపై రాసి చూపించండి. చదవలేకపోతే, బిడ్డ పాఠాన్ని విని కంఠతా పట్టిందే తప్ప అక్షరాలు కూడబలుక్కోవడం ఇంకా పట్టుబడలేదని తెలుసుకోవాలి. ఇందుకు కంగారు పడనక్కరలేదు. రోజూ ఒకే వేళకు పావుగంట పక్కన కూర్చుని చదివించగలిగితే చాలు.

గుణింతాలు వచ్చాక మన గోదావరి డెల్టాలో బస్సు బోర్డులకు మించిన వాచకం లేదు. అమలాపురం, రాజోలు, రావులపాలెం అన్న పేర్లలో ఒక్క వత్తు కూడా లేదు కాబట్టి వాటితో మొదలుపెట్టండి. తరువాత పాలకొల్లు, కొత్తపేట, ముమ్మిడివరం చూపించండి. వీటిలో ఏ అక్షరానికి ఆ అక్షరమే వత్తుగా వస్తుంది. ద్రాక్షారామం, ముక్తేశ్వరం, అంతర్వేది వంటివాటిని చివరికి ఉంచాలి.

పిల్లలు ఎక్కువగా తడబడేది ఈ చివరి మెట్టు దగ్గరే. ‘ముక్తేశ్వరం’లో ‘క్తే’ చూడండి: ఏత్వం ‘క’ నెత్తిన, ‘త’ వత్తు దాని కింద ఉంటాయి, కాని పలికేటప్పుడు ఏత్వం ‘త’ తరువాతే వస్తుంది. కంటికి కనిపించిన వరుసలో చదివే బిడ్డ దీనిని ‘ముకేత’ అంటుంది. గద్దించకుండా, పలకపై క్, త్, ఏ అని విడివిడిగా రాసి, మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా కలిపి పలికించండి. గ, చ, ద వంటివాటికి తలకట్టు తీసేస్తే ఆ అక్షరమే వత్తుగా కనిపిస్తుంది. త, న, మ, య, ర, ల వత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలిక కనిపించదు కనుక వాటిని విడిగా నేర్పాలి.

బిడ్డ ఒక పదం దగ్గర ఆగిన వెంటనే మీరు అందించవద్దు. మనసులో అయిదు లెక్కపెట్టే దాకా ఓపిక పట్టండి. బొమ్మ చూసి ఊహించడం కూడా పిల్లలకు మామూలే. ‘కొబ్బరితోట’ అని ఉన్నచోట చెట్టు బొమ్మ చూసి ‘కొబ్బరిచెట్టు’ అనేస్తే, బొమ్మను చేత్తో మూసి చివరి రెండక్షరాలపై వేలు పెట్టించండి. చదవడం అయ్యాక కథ ఏమిటో అడగాలి. ఈ పనికి చదువు రాని మామ్మగారైనా, అమ్మమ్మగారైనా సరిపోతారు, ‘తరువాత ఏమయిందమ్మా?’ అని వారు అడుగుతుంటే అర్థమైనదీ కానిదీ బయటపడుతుంది.

2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ కార్యక్రమం రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టింది. తెలుగు పదాలు పొడవైనవి కనుక గడియారం పట్టుకుని ఈ అంకెతో బిడ్డను హడలగొట్టకండి. అర్థం తెలిసి చదువుతోందా అన్నదే నా దృష్టిలో ముఖ్యం. ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లల చేత ప్రభుత్వ గణిత పుస్తకంలోని తెలుగు పేజీని కూడా చదివించండి. లెక్క ఏమి అడుగుతోందో ఇంటి భాషలో తెలిస్తే ఎదురుగా ఉన్న ఇంగ్లీషు పేజీ కూడా తేలికవుతుంది.

జూలై, ఆగస్టు నెలల్లో గోదావరికి వరద వచ్చి లంక గ్రామాల బడులు మూతపడినప్పుడు ఈ అలవాటు తప్పిపోతుంది. పుస్తకాలను ముందే ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక ఎక్కించండి; ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో ఉచితంగా దొరికే తెలుగు కథలు కొన్ని ఫోనులో దింపి ఉంచుకోండి. నెలకొకసారి టీచరుగారిని కలిసి, బిడ్డ ఏ అక్షరాల దగ్గర ఆగుతోందో అడగండి. పుస్తకాన్ని ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుంటున్నా, బోర్డు కనబడటం లేదని అంటున్నా, చదువు సంగతి ఆలోచించే ముందు కంటి డాక్టరుకు చూపించండి.