స్కెచ్‌లోని చురుకు పెయింటింగ్‌లో పోకుండా (నా అనుభవం)

నేను డిజిటల్‌గా బొమ్మలు వేస్తాను. రఫ్ స్కెచ్‌లో కదులుతున్నట్టున్న క్యారెక్టర్, రంగులు వేసేసరికి కొయ్యబొమ్మలా బిగుసుకుపోయేది. బ్రష్‌లు మార్చడం, లైన్ నీట్‌గా మళ్లీ గీయడం, రిఫరెన్స్ ఫొటోలు పెంచడం, ఏవీ పనిచేయలేదు.

చివరికి పనిచేసింది ఇదీ. స్కెచ్ ఉన్న లేయర్ (ఒకదానిపై ఒకటి ఉండే పొర) ఒపాసిటీని, అంటే అది ఎంత గట్టిగా కనిపిస్తుందో దాన్ని, 20 శాతానికి తగ్గించి, కింద కొత్త లేయర్‌లో ఆకారం మొత్తాన్ని ఒకే ముదురు బూడిద రంగుతో నింపాను. స్కెచ్ దాచేసి చూస్తే వంగిన నడుము, ఎత్తిన భుజం ఆ ఆకారంలోనే తెలియాలి. తెలియకపోతే అక్కడే సరిచేయాలి, అప్పటిదాకా ముఖం జోలికి పోకూడదు. తర్వాత వెలుగు, మధ్యస్థం, నీడ అని మూడే టోన్లు. ఆపైన రంగు. ఆఖరున కళ్లు, వేళ్ల దగ్గర మాత్రం అంచులు పదునుగా ఉంచి, మిగతావి మెత్తగా కలిపేశాను. అసలు తేడా తెచ్చింది ఈ అంచుల పనేనని నా నమ్మకం.

ఇదంతా డిజిటల్‌లో చేసిందే. లైన్ మీదే నడిచే కామిక్ శైలికి కుదురుతుందని మాత్రం చెప్పలేను.